చెక్ అనే మాటకి ఎన్ని అర్థాలు? అన్నీ ఒక్క చోటి నుంచే పుట్టాయా?

మేఘన_అనువాదం
ఒక యాప్‌ని తెలుగులోకి మార్చే పని మీద ఉన్నా. స్క్రీన్ చూపించరు, ఎక్సెల్ షీట్‌లో మాటలు వరసగా ఇచ్చేస్తారు. అందులో "చెక్" అనే మాట ఒక్కటే, ముందూ వెనకా ఏం లేకుండా, చాలా వరసల్లో ఉంది. ఒకచోట "చెక్ ఆల్", ఇంకోచోట "పే బై చెక్", మరోచోట "స్ప్లిట్ ది చెక్", ఒకచోట ఊరికే "చెక్డ్: 2" అని ఉంది. మొదటిది అన్నీ సరిచూడమనా, అన్నిటికీ టిక్ పెట్టమనా? "స్ప్లిట్ ది చెక్" అంటే చెక్కు చింపడమా అని మా టీమ్‌లో ఒకమ్మాయి నిజంగానే అడిగింది, తన తప్పేం లేదు, ఆ షీట్ చూస్తే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. ఇంతకీ నేను అడిగేదేంటంటే, ఆపడం, సరిచూడడం, డబ్బు కాగితం, తిన్నదానికి బిల్లు, టిక్ గుర్తు, గళ్ళ బట్ట, చదరంగంలో రాజుకి చెప్పే చెక్, ఇవన్నీ ఒకే మాటేనా? లేక బ్యాట్ అంటే గబ్బిలం, ఆడే బ్యాటు రెండూ అయినట్టు వేరే వేరే మాటలు ఒకే స్పెల్లింగ్‌లో వచ్చి కూర్చున్నాయా?

కోడ్‌కోతి
అది అమెరికన్ యాప్ అయుంటుంది. బ్రిటిష్ వాళ్ళు బిల్లుని బిల్లు అనే అంటారు, టిక్‌ని టిక్ అంటారు, డబ్బు కాగితానికైతే స్పెల్లింగే వేరు, చివర్లో క్యూ, యూ, ఈ వస్తాయి. అమెరికా వాళ్ళు మూడింటికీ కలిపి ఒక్క మాటే ఉంచుకున్నారు, అక్కడొచ్చింది చిక్కు.

గళ్ళచొక్కా
నా హ్యాండిల్‌కి సంబంధించిన విషయం, కుర్చీ లాక్కుని కూర్చున్నా.

నిఘంటుపురుగు
అన్నీ ఒకే మాట మేఘన గారూ. బ్యాట్ లాంటి కేసు కాదు ఇది. అన్నిటికీ తల్లి చదరంగమే, అందులోనూ పారసీక మాట "షా", అంటే రాజు. ఎదుటివాడి రాజు మీదకి ఎత్తు వేసినప్పుడు "షా!" అనేవాళ్ళు, నీ రాజుని చూసుకో అని. ఆట అరబ్బుల చేతుల మీదుగా యూరప్ వెళ్ళింది, మాట కూడా వెళ్ళింది, లాటిన్‌లో స్కాకస్ అయింది, పాత ఫ్రెంచిలో ఎస్చెక్ అయింది, ఇంగ్లీషు వాళ్ళు ముందున్న అచ్చు ఊడగొట్టి చెక్ చేసుకున్నారు. ఇందులో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది, ఎస్చెక్‌కి పాత ఫ్రెంచి బహువచనం ఎస్చెస్. చెస్ అనే మాట పుట్టింది దాంట్లోంచే. అంటే చెక్, చెస్ రెండూ ఒకే మాటకి ఏకవచనం, బహువచనం అన్నమాట.

ఇక అర్థాలు ఎలా పాకాయంటే, రాజుకి చెక్ పడగానే నువ్వు అనుకున్న ఎత్తులన్నీ పక్కన పెట్టాలి, ముందు రాజు సంగతి చూడాలి, ఇంకో ఎత్తు వేయడానికి లేదు. అక్కడి నుంచి "అడ్డుకోవడం, నిలిపేయడం" వచ్చింది, అది 14వ శతాబ్దం నాటికే ఉంది. అడ్డుకోవడం నుంచి అదుపులో పెట్టడం. అదుపులో పెట్టాలంటే లెక్క పోల్చి చూడాలి కదా, అలా 17వ శతాబ్దం చివరికి "సరిచూడడం" వచ్చింది. మనం రోజుకి పదిసార్లు వాడే అర్థం నిజానికి వీటిలో బాగా చిన్నది, వెనక వచ్చింది.

ఊరికేచదివేవాణ్ణి
షా అంటే మన పాదుషాలో ఉన్న షానేనా

నిఘంటుపురుగు
అదే. షాహన్‌షా అంటే రాజులకి రాజు, పాదుషాలో ఉన్నదీ అదే. ఇంకా వెనక్కి వెళ్తే పాత పారసీకంలో ఆ మాట రూపం "క్షాయథియ". క్రీ.పూ. 6వ శతాబ్దం చివర్లో డేరియస్ బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో తన గురించి చెప్పుకునేటప్పుడు ఈ మాటే ఉంటుంది, నేను గొప్ప రాజుని, రాజులకి రాజుని అని. ఆ క్షాయథియకి, సంస్కృతంలో క్షత్రం, క్షత్రియ అనే మాటలకి మూలం ఒకటే, ఏలడం అనే అర్థం ఉన్న ధాతువు. అంటే క్షత్రియ అనే మాటా, మీ షీట్‌లో ఉన్న చెక్కూ దూరపు చుట్టాలు.

కోడ్‌కోతి
ఇలా లాక్కుంటూ పోతే ఏదైనా ఏదో ఒకదానికి చుట్టమే అవుతుంది గురూ

నిఘంటుపురుగు
అవ్వదు. మధ్యలో ప్రతి మెట్టూ రాతల్లో దొరికితేనే చుట్టరికం ఒప్పుకుంటారు. ఇక్కడ పాత పారసీకం రాతి మీద ఉంది, ఆ తర్వాతి పారసీకం ఉంది, అరబ్బీ ఉంది, లాటిన్, ఫ్రెంచి కాగితాలు ఉన్నాయి. ఒక్క మెట్టు కూడా ఊహించుకోనక్కర్లేదు, చెక్ కథలో గొప్పతనం అదే.

బంటు64
చెక్‌మేట్ సంగతి కూడా చెప్పుకోవాలి. "షా మాత్" అంటే రాజు చచ్చాడు అని అందరూ చెప్తారు, చదరంగం నేర్పే వీడియోలన్నీ అదే పాట. నేను ఒప్పుకోను. చదరంగంలో రాజుని ఎవరూ చంపరు, పలక మీంచి తీయరు కూడా. రాజుకి కదలడానికి చోటు లేకుండా పోతుంది, అంతే, ఆట అక్కడే ఆగిపోతుంది. పారసీకంలో మాత్ అంటే దిక్కుతోచక నిలబడిపోవడం, చేతులెత్తేయడం. ఆటకి సరిగ్గా సరిపోయే అర్థం అది.

గజల్_గిరి
అరబ్బీలో "మాత" అంటే నిజంగానే చనిపోయాడు అని అర్థం బ్రదర్. ఆ పాట ఎవరో ఊరికే కల్పించింది కాదు.

బంటు64
అర్థం అదే, కాదనట్లేదు. కానీ ఆట అరబ్బుల దగ్గరికి వచ్చేటప్పటికే మాట పారసీకంలో ఉంది కదా. వాళ్ళ చెవికి తమ మాటలాగే వినపడింది, అలా అతుక్కుపోయింది. ఆట తీరు చూసి చెప్పండి, రాజు చచ్చాడా, చిక్కుకున్నాడా?

గజల్_గిరి
చిక్కుకున్నాడు. కానీ యూరప్‌కి ఆటని అందించింది అరబ్బులు కాబట్టి, వాళ్ళు విన్న అర్థాన్ని కూడా కొట్టిపారేయకూడదు అంటాను.

మేఘన_అనువాదం
తెలుగులో "ఆట కట్టు" అంటాం కదా, నాకైతే బంటు గారు చెప్పిన అర్థానికి అదే బాగా దగ్గరగా అనిపిస్తోంది. చావు లేదు, కదలిక లేదు. సరే, డబ్బు కాగితం ఎలా వచ్చింది ఇందులోకి?

పాతకాగితం
ఇది నా ఏరియా, కొంచెం పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

చదరంగం పలకని పాత ఫ్రెంచిలో ఎస్చెకియర్ అనేవాళ్ళు. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఖజానా లెక్కలు చూసే బల్ల మీద గీతలు గీసిన గుడ్డ పరిచేవాళ్ళు, అది అచ్చం చదరంగం పలకలా ఉండేది, అందుకని ఆ బల్లకీ, తర్వాత ఆ ఆఫీసుకీ కూడా అదే పేరు పడిపోయింది. అదే ఎక్స్‌చెకర్. ఇప్పటికీ బ్రిటన్ ఆర్థిక మంత్రి పదవి పేరు ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ కదా, ఆ పేరులో ఉన్నది చదరంగం పలకే. ముందున్న "ఎక్స్" కూడా తర్వాత వచ్చి చేరిందే, ఇది లాటిన్ "ఎక్స్" అయుంటుంది అనుకుని రాతగాళ్ళు దూర్చారు.

ఆ బల్ల ఎలా ఉండేదో 12వ శతాబ్దంలోనే రాసిపెట్టారు, అక్కడే పనిచేసిన ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ప్రశ్న, జవాబు పద్ధతిలో రాసిన పుస్తకం ఉంది. పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు, పైన పెట్టినవి దొర్లి కింద పడకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. గుడ్డ మీద నిలువు వరసలు, ఒక వరస పెన్నీలు, పక్కది షిల్లింగులు, ఆ పక్కది పౌండ్లు, తర్వాత ఇరవైలు, వందలు, అలా పెరుగుతూ పోతాయి. లెక్క అంటే కాగితం మీద కూడడం కాదు, ఆ వరసల్లో బిళ్ళలు పెట్టడం, జరపడం, తీసేయడం. వాళ్ళు రాసేది రోమన్ అంకెల్లో, వాటితో కూడికలు, తీసివేతలు ఎంత నరకమో ఒకసారి చేసి చూడండి, అప్పుడు బిళ్ళల గొప్పతనం తెలుస్తుంది. పన్ను వసూలు చేసి తెచ్చిన షెరీఫ్ ఒకవైపు, ఖజానాదారు ఇంకోవైపు. చదరంగంలో ఇద్దరు రాజులు తలపడినట్టే ఇక్కడ ఈ ఇద్దరి మధ్య పోరు అని ఆ పుస్తకంలోనే పోలిక ఉంది. అంటే పేరు గుడ్డని చూసి పెట్టిందే అయినా, లోపల జరిగే పని కూడా ఆటలాగే ఉందని వాళ్ళకే అనిపించింది.

ఊరికేచదివేవాణ్ణి
పన్ను కట్టడానికి వచ్చినోడికి అవతలివైపు ఎప్పుడూ మంత్రీ, రెండు ఏనుగులూ ఎక్కువే ఉంటాయి 😄

గళ్ళచొక్కా
అయితే గళ్ళ బట్టని చెక్స్ అనడం కూడా ఆ పలక నుంచేనా

పాతకాగితం
అవును, చెకర్ అంటే పలక, దాని గళ్ళలాంటి నేత చెకర్డ్, పొట్టి చేస్తే చెక్స్.

కొయ్యబొమ్మ
ఒక్క నిమిషం. పాత ఇంగ్లండ్‌లో డబ్బు రసీదులు చెక్క ముక్కల మీద గాట్లు పెట్టి ఇచ్చేవాళ్ళని ఎక్కడో చదివాను. చెక్క మీద చెక్కిందే చెక్కు! తెలుగు మాటే అక్కడికి వెళ్ళిందని నా గట్టి అనుమానం.

నిఘంటుపురుగు
చెక్క, చెక్కు రెండూ అచ్చంగా మన మాటలే, అందులో అనుమానం లేదు. కానీ ఇంగ్లీషు చెక్‌కి దారి అడుగడుగునా కనిపిస్తోంది, ఆ దారిలో ఎక్కడా తెలుగు లేదు. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. ప్రాగ్ ఉన్న చెక్ దేశం పేరు కూడా ఇలాగే వినపడుతుంది, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అది ఆ జనం తమని తాము పిలుచుకునే పేరు.

పాతకాగితం
కొయ్యబొమ్మ గారు చెప్పిన చెక్క ముక్కలు మాత్రం నిజం, వాటిని ట్యాలీలు అంటారు. ఎంత డబ్బో అన్ని గాట్లు పెట్టి, ముక్కని నిలువునా చీల్చి, డబ్బు ఇచ్చినవాడికి ఒక సగం, పుచ్చుకున్నవాడికి ఒక సగం. తర్వాత ఎవరైనా తగాదాకి వస్తే రెండు సగాలూ పక్కపక్కన పెడితే గాట్లు కలవాలి, చెక్కలో ఉన్న నార కూడా కలవాలి. ఒకడు తన సగం మీద ఇంకో గాటు పెట్టుకుంటే ఇట్టే దొరికిపోతాడు. ఈ పద్ధతి 1826 దాకా నడిచింది. మిగిలిపోయిన ట్యాలీలని 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిల్లో వేసి తగలబెట్టబోతే ఆ మంటలు పైకి పాకి పార్లమెంటు భవనంలో చాలా భాగం కాలిపోయింది.

కొయ్యబొమ్మ
రసీదులు పార్లమెంటుని తగలబెట్టాయా!! నా సిద్ధాంతం పోయినా ఇది చాలు నాకు.

పాతకాగితం
ఇప్పుడు డబ్బు చెక్కుకి వద్దాం. రెండు సగాలు పోల్చి చూడడం అనే ఆలోచన కాగితానికి కూడా వచ్చింది. 18వ శతాబ్దం మొదట్లో "చెక్" అంటే డబ్బు కాగితం కాదు, దాన్ని కత్తిరించాక మన దగ్గర మిగిలే కౌంటర్‌ఫాయిల్. దొంగ కాగితం వస్తే దాన్ని పట్టించేది ఆ మిగిలిన ముక్క, మోసాన్ని "చెక్" చేసేది. తర్వాత్తర్వాత పేరు మిగిలిన ముక్క మీంచి జారి కత్తిరించిన కాగితానికి వెళ్ళిపోయింది. ఎక్స్‌చెకర్‌ని చూసి బ్రిటిష్ వాళ్ళు దాని స్పెల్లింగ్ కూడా మార్చుకున్నారు. వస్తువు మాత్రం పేరు కంటే పాతది, లండన్‌లో 1659 నాటి చేతిరాత చెక్కు ఒకటి ఇప్పటికీ ఉంది.

గజల్_గిరి
దీన్ని మాత్రం నేను ఇంత తేలిగ్గా వదలను. అరబ్బీలో "సక్క్" అని ఉంది, రాతపూర్వకంగా ఇచ్చే డబ్బు పత్రం, మధ్యయుగాల వ్యాపారులు వాడేవాళ్ళు. పారసీకంలో "చక్" కూడా అంతే. పని అదే, శబ్దం అదే, యూరప్ వాళ్ళకి ఆ వ్యాపారులతో సంబంధాలూ ఉన్నాయి. దీన్ని పట్టించుకోకుండా కౌంటర్‌ఫాయిల్ కథ ఒక్కటే చెప్పడం న్యాయం కాదు.

పాతకాగితం
సక్క్ ఉందన్నది నిజం, అంత పాత కాలంలో అలాంటి పత్రం ఉండడం గొప్ప విషయమే. కానీ అది ఇంగ్లీషులోకి నేరుగా వస్తే మొదటిరోజు నుంచీ డబ్బు పత్రం అనే అర్థంతోనే కనపడాలి. మనకి కనిపించేది ముందు కౌంటర్‌ఫాయిల్, తర్వాత పత్రం. వరస తిరగబడింది.

గజల్_గిరి
వరస వాదన బలమైనదే. అయినా ఆలోచన అటు నుంచి వచ్చి, పేరు మాత్రం ఇటు దొరికి ఉండొచ్చు అన్న మాట మీదే నిలబడతాను.

స్టార్టప్_శీను
మన పేపర్లలో "మోకాళ్ళ నొప్పులకు చెక్", "అక్రమాలకు చెక్" అని రాస్తారు, అది ఏ ఖాతాలోకి వస్తుంది?

బంటు64
అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెక్ అంటే ఆట ముగియలేదు, రాజు పక్క గడిలోకి తప్పుకోవచ్చు, మధ్యలో బంటుని అడ్డం పెట్టొచ్చు, చెక్ ఇచ్చిన కాయనే కొట్టేయొచ్చు. హెడ్‌లైన్‌లో మాత్రం సమస్య పూర్తిగా పోయినట్టు రాస్తారు. వాళ్ళు చెప్పాలనుకున్నది ఆటకట్టు, రాసేది చెక్.

నిఘంటుపురుగు
బంటూ, ఇంగ్లీషులోనే అది ఆపడం, అదుపు, తనిఖీ అని ఇన్ని దార్లు పోయింది, తెలుగులోకి వచ్చాక ఇంకో మెట్టు ఎక్కి ముగింపు పలకడం అయింది. ఫ్రెంచిలో అదే మాటకి ఏకంగా ఓటమి, వైఫల్యం అనే అర్థం వచ్చింది. వాళ్ళని ఏమనం, మన సబ్ ఎడిటర్ల మీద ఎందుకు కోపం?

బంటు64
కోపం తగ్గదు 😀 ఇంకోటి, డబుల్ చెక్. మామూలుగా రెండోసారి సరిచూసుకోవడం అంటాం. చదరంగంలో ఒకే ఎత్తుతో రెండు కాయలు ఒకేసారి రాజు మీదకి రావడం. అప్పుడు ఒకదాన్ని కొట్టినా రెండోది ఉంటుంది, ఒకదానికి అడ్డం పెట్టినా రెండోది ఉంటుంది, రాజు కదలక తప్పదు, ఇంకో దారి లేదు. ఎదురుగా మంత్రి కొట్టడానికి సిద్ధంగా ఉన్నా కూడా ఆ ఎత్తులో దాన్ని ముట్టుకోవడానికి లేదు. అంత అందమైన ఎత్తుకి, బయట తాళం వేశానో లేదో మళ్ళీ చూసుకోవడానికి ఒకే పేరు.

కోడ్‌కోతి
మా వైపు నుంచి చెక్ డిజిట్. కార్డు నంబర్లో చివరి అంకె ముందున్న అంకెల్లోంచి లెక్కేసి పెట్టిందే, ఒక్క అంకె తప్పు కొట్టినా లెక్క కలవదు, బ్యాంకు దాకా వెళ్ళకుండా అక్కడికక్కడే తప్పు అని చెప్పేస్తుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ పద్ధతి అది, 1960లో పేటెంట్ వచ్చింది. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయినా పట్టేస్తుంది, ఒక్క 09ని 90 చేస్తే మాత్రం దొరకదు. పాతకాగితం గారి చెక్క ముక్కలు చదివాక అనిపించింది, ఇదీ అదే పని, రెండో సగాన్ని నంబర్లోనే దాచిపెట్టారు.

మేఘన_అనువాదం
అందరికీ థాంక్స్, ఇప్పుడు పని ముందుకెళ్తోంది. "చెక్ ఆల్" అంటే "అన్నిటికీ టిక్ పెట్టు". "స్ప్లిట్ ది చెక్"కి "బిల్లు పంచుకోండి". "పే బై చెక్"లో చెక్కుని చెక్కుగానే ఉంచా. "చెక్ ఫర్ అప్‌డేట్స్" అని ఒకటుంది, ముందు "నవీకరణల కోసం పరిశీలించండి" అని ఎవరో పెట్టారు, అలా ఎవరు మాట్లాడతారు చెప్పండి, "కొత్త అప్‌డేట్ ఉందేమో చూడు" అని మార్చేశా. "చెక్డ్: 2" మాత్రం తెగలేదు. డెవలపర్‌ని అడిగితే, విమానం టికెట్ స్క్రీన్ అది, కింద లోడ్ చేసే బ్యాగులు రెండు అని చెప్పాడు. నేను వంద ఏళ్ళు ఆలోచించినా తట్టేది కాదు.

కోడ్‌కోతి
ఆ డెవలపర్‌ని ప్రతి మాట పక్కన ఒక లైను సందర్భం రాయమనండి. గెట్‌టెక్స్ట్‌లాంటి అనువాద టూల్స్‌లో దానికోసం ప్రత్యేకంగా చోటే ఉంది, నింపడానికి బద్ధకం అంతే.

పాతకాగితం
బ్యాగు చెక్ చేయడం కూడా ఆ సగం ముక్క కథే. సామాను తీసుకుని, దానికొక బిళ్ళ కట్టి, అదే నంబరున్న బిళ్ళ మన చేతిలో పెడతారు, దిగాక రెండూ కలిస్తేనే సామాను. ఆ బిళ్ళ పేరు చెక్.

స్టార్టప్_శీను
రెయిన్ చెక్ కూడా అలాంటిదేనా? మా క్లయింట్ ఒకాయన మీటింగ్ పెడదాం అంటే ఆ మాట అన్నాడు, నేను వాతావరణం యాప్ తెరిచి చూశా, అక్కడ ఎండ మండిపోతోంది.

పాతకాగితం
అలాంటిదే శీనూ. 1880లలో అమెరికా బేస్‌బాల్‌లో వర్షానికి ఆట ఆగిపోతే టికెట్ ముక్క చూపించి ఇంకో రోజు ఆటకి రావచ్చు. ఆ ముక్క రెయిన్ చెక్. మీ క్లయింట్ అన్నది, ఇప్పుడు కుదరదు, ఇంకోసారి పిలిస్తే వస్తాను అని.

ఊరికేచదివేవాణ్ణి
పేకాటలో కూడా చెక్ అంటారుగా, పోకర్‌లో

బంటు64
పందెం పెంచకుండా, ఆట వదలకుండా, వంతు పక్కవాడికి ఇవ్వడం.

గజల్_గిరి
పోర్చుగీసులో ఇంకో సరదా ఉంది. చదరంగాన్ని వాళ్ళు షద్రెస్ అంటారు. మన చతురంగం పారసీకంలో చత్రంగ్, అరబ్బీలో షత్రంజ్, అక్కడి నుంచి అది. ఆ ఒక్క మాటకే గళ్ళ బట్ట అనే అర్థమూ ఉంది, జైలు అనే అర్థమూ ఉంది. ఇంగ్లీషు రాజు పేరు పట్టుకుని గళ్ళ దాకా వెళ్తే, పోర్చుగీసు ఆట పేరు పట్టుకుని అక్కడికే చేరింది.

గళ్ళచొక్కా
జైలు కూడానా 😂 కిటికీ ఊచలు గళ్ళలా ఉంటాయని కాబోలు. ఇంకో చివరి డౌట్, బ్రిటన్ ప్రధాని ఊరి బయట ఉండే బంగళా పేరు చెకర్స్ కదా, అదీ మా గళ్ళేనా?

పాతకాగితం
ఆ ఇల్లు 1917లో చట్టం చేసి ప్రధానుల వాడకానికి ఇచ్చారు, పేరు మాత్రం చాలా పాతది. రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, మధ్యయుగాల్లో ఆ భూమి ఎక్స్‌చెకర్‌లో కొలువు చేసిన ఒకాయన కుటుంబానిది, ఇంటిపేరే అది, అదే ఇంటికీ వచ్చింది అని. రెండోది, అక్కడ పెరిగే చెకర్ అనే అడవి చెట్టు పేరు అని.

నిఘంటుపురుగు
నా ఓటు మొదటిదానికి.

కొయ్యబొమ్మ
నాది చెట్టుకే!